బస్టాపులో అత్తమ్మ కుర్చీ

మొన్న పొద్దున పాల ప్యాకెట్ల కోసం గేటు దాటానో లేదో, మా ముందరి రోడ్డు మీద జేసీబీ కనిపించింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారట. కొండాపూర్‌లో రోడ్డు వెడల్పు చెయ్యని ఏడాది ఏదైనా ఉందా అంటే నేను చెప్పలేను. కోడలిగా వచ్చిన నాటి నుంచీ చూస్తున్నాను, ఈ రోడ్డు లావెక్కుతూనే ఉంది, నాలాగే. ఈసారి వంతు బస్టాపుది. రేకుల కప్పు అప్పటికే కింద పడి ఉంది. ఇనప స్తంభాన్ని పీకబోయిన వాళ్ళు మాత్రం ఆగిపోయి నిలబడ్డారు, ఎందుకంటే దానికి గొలుసుతో కట్టి, తాళం వేసి ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. ఒకప్పుడు ఎర్రటి ఎరుపు. ఎండకు వెలిసి ఇప్పుడు ఏ రంగో తెలియడం లేదు. "మేడం, ఈ కుర్చీ ఎవల్ది?" అని అడిగాడు జేసీబీ డ్రైవరు. మా అత్తమ్మది అన్నాను. "జర పిలుస్తరా?" అన్నాడు. పిలవడానికి అత్తమ్మ లేదు, పోయి చాన్నాళ్ళయింది. ఆ మాట చెప్పడానికి నోరు రాక, "తాళంచెవి వేరే ఆమె దగ్గరుంది, సాయంత్రం వస్తుంది, అందాకా అవతలి పక్క పని చూసుకో నాయనా" అన్నాను. అతను తల గోక్కుని, సరేనని బండి తిప్పుకున్నాడు. నేను పాల సంగతి మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను.

మాది కడప జిల్లా. మావారిది ఈ ఊరే. మేముంటున్న అపార్ట్‌మెంటు, దాని ముందున్న రోడ్డు, బస్టాపు, అంతా ఒకప్పుడు మా మామగారి చెల్క. చెల్క అంటే వానను నమ్ముకున్న ఎర్రనేల. జొన్నలు, కందులు పండేవట. భూమి బిల్డరుకిచ్చి, మా వాటాకు ఫ్లాట్లు వచ్చి, మేము మూడో అంతస్తులో కాపురం పెట్టాక కూడా అత్తమ్మ లెక్కలో అది చెల్కే. లిఫ్టును ఆమె ఏనాడూ లిఫ్టు అనలేదు. అది ఉన్నచోట బావి ఉండేది గనక "బాయి కాడ" అనేది. కొరియరతను ఫోన్ చేస్తే "బాయి కాడికి రా బిడ్డా" అని చెప్పి, పాపం, అతన్ని కాలనీ అంతా తిప్పిన ఘనత ఆమెది. ఇంకో అలవాటు, మనిషి కనిపిస్తే చాలు, "ఎవలి కొడుకువు బిడ్డా? ఏ ఊరు మీది?" అని అడగడం. గ్యాస్ తెచ్చినవాణ్ణి అడిగేది, ఇంజెక్షన్ పొడవబోతున్న డాక్టర్ను అడిగేది. ఒకసారి నేను ఇంటి నుంచే ఆఫీసు మీటింగులో ఉంటే వెనక నుంచి వచ్చి, తెర మీదున్న మా మేనేజరును అడిగింది. ఆయన ఒంగోలు అని చెప్పి, తండ్రి పేరు చెప్పి, అడక్కుండానే తాత పేరు కూడా చెప్పాడు. ప్రాజెక్టు ఎప్పుడు పూర్తవుతుందో మాత్రం ఏనాడూ అంత చక్కగా చెప్పిన పాపాన పోలేదు. ఇంటి పేరు, ఊరి పేరు పైకి చెప్పాక మనిషి వెధవ పని చెయ్యడానికి జంకుతాడని అత్తమ్మ నమ్మకం.

ఆ బస్టాపులో పొద్దుగూకే వేళకు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి నిలబడేవారు. బస్సు వస్తే ఎక్కరు. కారు ఆగితే వంగి మాట్లాడతారు, ఒక్కోసారి ఎక్కి వెళ్ళిపోతారు. సంగతేమిటో కాంప్లెక్సులో అందరికీ తెలుసు, పేరు పెట్టి మాత్రం ఎవరమూ అనం. "వాళ్ళు" అనేవాళ్ళం, అంతే. వాళ్ళ వల్ల ఏమయిందంటే, లేదా మేమలా అనుకునేవాళ్ళం, ఆ బస్టాపులో ఏ ఆడమనిషి నిలబడినా కార్లు నెమ్మదించేవి. ఇళ్ళల్లో గిన్నెలు తోమి అలిసిపోయి బస్సు కోసం చూసే అమ్మ అయినా సరే, డ్యూటీకి వెళ్ళే నర్సు అయినా సరే. మా ఆడపడుచు కూతురు ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఇంట్లోనే ఉండేది. ఒక సాయంత్రం ఆ పిల్ల క్యాబు కోసం నిలబడితే ఒకడు అద్దం దించి "వస్తవా?" అన్నాడట. ఇంటికొచ్చి బ్యాగు విసిరికొట్టి, అన్నం తినకుండా ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఆదివారమే అసోసియేషన్ మీటింగు పెట్టారు. ఒకరి తర్వాత ఒకరు లేచి ఆ ఆడవాళ్ళని తిట్టారు. ఆగే కార్ల గురించి ఎవరూ ఒక్క మాటా అనలేదు. చివరికి ఎవరెవరినో పట్టుకుని బస్టాపులో బెంచీ తీయించేశారు, కూర్చునే వీలు లేకపోతే వాళ్ళు రారని. అత్తమ్మ అప్పటిదాకా ఒక మూల కూర్చుని వింటోంది. "నిలవడెటోల్లకు బెంచి తీసేస్తే ఏమైతదయ్యా?" అంది. నిజమే కదా! బెంచీ లేక అవస్థ పడింది మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలు, వాళ్ళు ఎప్పటిలాగే నిలబడ్డారు.

ఆ మర్నాడు సాయంత్రం మా బాల్కనీలోని ఎర్ర కుర్చీ కనిపించలేదు. కిందికి చూస్తే బస్టాపులో ఉంది, అందులో అత్తమ్మ ఉంది. ఇంట్లో సీరియల్ వచ్చే వేళకు దేవుడు ప్రత్యక్షమైనా పక్కన కూర్చోమనే మనిషి, సీరియల్ వదిలేసి రోడ్డు మీద కూర్చుందంటే నేను పరుగున దిగి వెళ్ళాను. "నా మనుమరాలు ఏడ్సింది. నా చెల్కల ఎవడడుగుతడో నేను జూస్త" అంది. అప్పుడే ఒక పెద్ద కారు ఆగింది. అత్తమ్మ కర్ర ఊతంగా లేచి, అద్దం మీద టకటకా కొట్టి, లోపలికి తొంగి చూసి, "ఎవలి కొడుకువు బిడ్డా? ఏ ఊరు మీది?" అంది. ఎంత ప్రేమగా అడిగిందంటే, వాడు సగం చెప్పి, నాలుక కరుచుకుని, సిగ్నలు కూడా చూసుకోకుండా పోయాడు. నేను నవ్వలేక చచ్చాను. ఇంకో రోజు నేను టీ పట్టుకెళ్ళేసరికి ఆగిన కారులో, దించిన అద్దం వెనక మీటింగులో అందరికన్నా గట్టిగా అరిచిన మా కాంప్లెక్సు పెద్దమనిషే ఉన్నాడు. "బస్సు టైము కనుక్కుందామని..." అన్నాడు. అంత కారు పెట్టుకుని! అత్తమ్మ బస్సు నంబరు చెప్పి పంపించింది. ఆ తర్వాత మీటింగుల్లో ఆయన గొంతు నేను వినలేదు.

కొన్నాళ్ళకు కార్లు ఆగడం మానేశాయి, ఆ ఆడవాళ్ళూ రావడం మానేశారు. వాట్సాప్ గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలు. మా ఆడపడుచు కూతురు అమ్మమ్మకు జిలేబీ తెచ్చింది. కథ అక్కడితో అయిపోయి ఉంటే ఇదంతా మీకు చెప్పే పని ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం అత్తమ్మా నేనూ కూరగాయలు కొనుక్కుని వస్తుంటే బస్టాపు దగ్గర ఒకామె ఎదురొచ్చింది. ముప్పై దాటిన మనిషి, నీలం చీర, కుడిచేతికి దెబ్బ కట్టు, కంటి కింద కమిలిపోయి ఉంది. వాళ్ళలో ఒకతె అని గుర్తుపట్టాను. "అవ్వా, నువ్వీడ కూసున్నవని మేం క్వారీ రోడ్డుకు వోయినం" అంది. కోపంగా అనలేదు, ఉన్న సంగతి చెప్పినట్టు అంది. "ఆడ లైటు లేదు. ఒర్రినా ఎవలకు ఇనవడది. ఈడైతే నలుగురు జూస్తరు, బస్సులు తిరుగుతయి. గందుకే ఈడ నిలవడుతుంటిమి." అంతవరకూ వాళ్ళు మా బస్టాపునే ఎందుకు పట్టుకుని వేలాడుతున్నారో మాలో ఒక్కరికీ తట్టలేదు. వాళ్ళకు కావలసింది బెంచీ కాదు, వెలుతురు. ప్రాణభయంతో వెలుతురులో నిలబడితే మేము దాన్ని తెగింపు అనుకున్నాం. అత్తమ్మ ఆమె చేతిని మెల్లగా పట్టుకుని చూసింది. అలవాటు చొప్పున, "ఎవలి బిడ్డవే నువ్వు?" అంది. ఆమె తల అడ్డంగా ఊపింది. "గదొక్కటి అడగకవ్వా. మావోల్ల పేరు ఈ రోడ్డు మీద జెప్ప." ఊళ్ళో ప్రతివాడి వంశమూ కనుక్కునే మా అత్తమ్మ, పోయేదాకా ఆ మనిషిని మళ్ళీ ఆ మాట అడగలేదు. నాకు తెలిసిందల్లా తర్వాత్తర్వాత ముక్కలు ముక్కలుగా విన్నది. భర్త బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో పనిచేస్తూ మెషీన్‌లో చెయ్యి పోగొట్టుకున్నాడు. ఈమె ఒక పెద్ద ఆఫీసులో అద్దాలు తుడిచేది, కాంట్రాక్టు మారి కొత్తవాళ్ళు తమ మనుషుల్ని పెట్టుకున్నారు. కూతురు హాస్టల్లో చదువుకుంటోంది. ఇంకేమీ చెప్పలేదు, మేమూ తవ్వలేదు.

ఆ సాయంత్రం కుర్చీ మళ్ళీ దిగింది, ఈసారి వాళ్ళను తరమడానికి కాదు. ఆమె స్తంభం పక్కన నిలబడితే అత్తమ్మ కుర్చీలో కూర్చునేది. కారు ఆగితే లేచి వెళ్ళి, లోపలున్నవాడి ముఖం తీరిగ్గా చూసి, "నిన్ను జూసిన బిడ్డా. ఈమె మల్ల ఈడికే రావాలె. వచ్చేదాంక నేనీడ్నే ఉంట" అనేది. సగం మంది అక్కడికక్కడే జారుకునేవారు. మా అసోసియేషన్ అధ్యక్షుడిది గోదావరి జిల్లా, మర్యాదస్తుడు. స్వయంగా వచ్చి, "పెద్దమ్మగారూ, మీరిలా కూర్చుంటే వాళ్ళను ప్రోత్సహించినట్టు కాదాండీ? కాంప్లెక్సు పరువేమైపోవాలండీ?" అన్నాడు. "నేను నా చెల్కల కూసున్న. ఆగేది కార్లు గద, పోయి కార్లను అడుగుండ్రి" అంది అత్తమ్మ. ఆయన ఇప్పుడు తెల్లాపూర్‌లో పెద్ద గేటున్న విల్లాలో ఉంటున్నాడు, అక్కడ చుట్టుపక్కల బస్టాపే లేదట. నాకూ లోపల పీకుతూనే ఉంది. ఒక రోజు అడిగేశాను, ఇది మంచి పనేనా అత్తమ్మా అని. "మంచిదని ఎవలన్నరు?" అని నావైపు తిరిగింది. "మంచో చెడ్డో తర్వాత జూద్దాం. ముందుగాల బతికి రావాలె గద?"   ఒక వింత మాత్రం చెప్పాలి, అత్తమ్మ కూర్చున్నన్నాళ్ళూ ఆ బస్టాపులో నర్సునుగానీ, మా పిల్లనుగానీ ఒక్కడూ పలకరించలేదు.

ఒక ముసురు సాయంత్రం కారెక్కి వెళ్ళిన నీలం చీరామె తిరిగి రాలేదు. వచ్చే వేళ దాటిపోయింది. అత్తమ్మ లేవనంది. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను, మావారు వచ్చి బతిమాలారు, కోప్పడ్డారు. "వచ్చేదాంక ఉంట అన్న. మాటిచ్చిన" అంటుందేగానీ కదలదు. చలికి ఆమె గడ్డం వణుకుతోంది, కళ్ళు మాత్రం రోడ్డు చివర నుంచి తిప్పడం లేదు. కన్నకూతురి కోసమైనా నేను అలా చూడగలనా అనిపించింది. చివరికి వానలోంచి నీలం చీర కనిపించింది. చెప్పులు చేతిలో పట్టుకుని నడిచి వస్తోంది. ఎక్కించుకున్నవాడు కారు క్వారీ వైపు తిప్పాడట, తలుపులు బిగించాడట. "మా అవ్వ నీ మొకం జూసిందిరా, నేను రాకుంటే నిన్ను గుర్తువడుతది అన్న, అవ్వా. దింపేసిండు" అంది. అత్తమ్మ ఆమె వీపు మీద ఒక్కటిచ్చి, ఆ చేత్తోనే దగ్గరికి లాక్కుని భోరుమంది. వానలో మేము ముగ్గురమూ ఏడ్చాం.  పెన్ను పట్టడం రాని ముసలమ్మ, ఒట్టి చూపుతో ఒక మనిషిని చావు నుంచి వెనక్కి తెచ్చింది. ఇలాంటి మనిషితో ఒకే వంటింట్లో తిరుగుతూ ఉప్పు తక్కువైందని తగువులాడుకున్నానా అని ఆశ్చర్యపోయాను.

అత్తమ్మ పోయాక కుర్చీ తెచ్చుకుందామని వెళితే దానికి గొలుసూ తాళమూ ఉన్నాయి. నీలం చీరామె వేసినవే. ఉండనీలే అనుకున్నాను. ఆ తర్వాత ఒక సాయంత్రం నా క్యాబు రద్దయి, నేనే ఆ బస్టాపులో నిలబడాల్సి వచ్చింది. జుట్టుకు రంగు, భుజాన ల్యాప్‌టాప్, మోకాలికి బెల్టు, ఇదీ నా వాలకం. ఒక కారు నెమ్మదించింది, అద్దం దిగింది. "వస్తవా?" ఇన్నేళ్ళు విన్న మాటే అయినా, నన్ను అడిగేసరికి ల్యాప్‌టాప్ బ్యాగును గుండెలకు హత్తుకుని అక్కడే నిలబడిపోయాను. నా వెనక కుర్చీ కిర్రుమంది. నీలం చీరామె నన్ను దాటుకుని ముందుకు వెళ్ళి, అద్దం మీద టకటకా కొట్టి, వంగి వాడి ముఖంలోకి చూసింది.

"ఎవలి కొడుకువు బిడ్డా? ఏ ఊరు మీది?"

అచ్చం అదే గొంతు, అదే నిదానం. కారు పోయింది. ఆమె వెనక్కి వచ్చి కూర్చుని, "ఫికర్ జెయ్యకు అక్కా. నీ బండి వచ్చేదాంక నేనీడ్నే ఉంట" అంది. తన వాళ్ళ పేరు ఆ రోడ్డు మీద చెప్పనన్న మనిషి, మా అత్తమ్మ మాటను మాత్రం దాచుకుంది.

మొన్న సాయంత్రం ఆమె వచ్చింది. కప్పు పోయిన బస్టాపు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. తర్వాత కొంగుముడిలోంచి తాళంచెవి తీసి గొలుసు విప్పింది. కుర్చీని చెరోపక్కా పట్టుకుని కొత్తగా వేసిన దీపస్తంభం దాకా నడిచాం. తాళం వేశాక ఆమె దాన్ని కొంగుతో తుడిచి, నన్ను కూర్చోమంది. నేను కూర్చున్నాను. జొన్నచేను పోయింది, బావి పోయింది, ఇప్పుడు బస్టాపూ పోయింది. కాలం ఈ చెల్కలో దేన్నీ నిలవనివ్వలేదు గానీ, మా అత్తమ్మను మాత్రం ఆ కుర్చీలోంచి ఇంకా లేపలేకపోయింది.