బీరమ్మ నీళ్లు

ముందు నీళ్లు వినిపించాయి. నిండు బకెట్‌ను ఒక్క విసురున నేల మీదికి వదిలితే వచ్చే చప్పుడు. పెద్ద పక్షి ఏదో రెక్కలు చాచుకుని గచ్చు మీద పడ్డట్టు. నిద్రలోనే విన్నాను. వెంటనే స్టీలు క్యారియర్లు దొర్లాయి. ఎవరిదో పసిపిల్ల ఏడుపు అందుకుంది. ఫినాయిల్ వాసన నా చెవి పక్కగా పారి, చొక్కాలోకి చేరి, వీపుకు చల్లగా అతుక్కుంది. కళ్లు తెరిస్తే కనిపించినవి రెండు పాదాలు. పగిలిన మడమలు, మట్టెలు లేని వేళ్లు.

"జర చెప్తే లేస్తం కదమ్మా," అన్నాడు నా పక్కన పడుకున్న ముసలాయన, తడిసిన దుప్పటి పిండుకుంటూ.

"చెప్తే లేవరు. తడిస్తె లేస్తరు," అంది ఆ పాదాల మనిషి. వైపర్‌తో మా అందరి నిద్రనూ మెట్ల వైపు తోసుకుంటూ వెళ్లిపోయింది.

అలా చూశాను బీరమ్మను, 2012 ఎండాకాలంలో. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి లోపలికి పోయే ఓ సందులో నాలుగంతస్తుల ప్రైవేటు ఆస్పత్రి అది. మా నాన్నను మూడో అంతస్తు వార్డులో చేర్చాం. ఆ ఏడు కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలిసేది కాదు. ఆస్పత్రి వరండాలో మాత్రం జనరేటర్ మీద ఫ్యాన్లు తిరిగేవి. రోగుల తాలూకు వాళ్లమంతా ఆ గాలి కింద, ఒడ్డుకు కొట్టుకొచ్చిన చేపల్లా వరసగా పడుకునేవాళ్లం. తెల్లవారుతుండగా బీరమ్మ వచ్చేది.

నాన్న ఇంటికి వచ్చేశాక కూడా ఆమె పరిచయం పోలేదు. మాది అశోక్‌నగర్. నారాయణగూడలో ఆఫీసుకు పోతూ ఆ సందు మొదట్లో చాయ్ తాగేవాణ్ని. పొద్దుటి పని ముగించుకుని ఆమె కూడా అక్కడికే వచ్చేది. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, నా వైపు కాకుండా బస్సుల వైపు చూస్తూ చెప్పేది. ఆమె సంగతంతా అలా గుటకలు గుటకలుగా తెలిసిందే.

మక్తల్ దిక్కు పల్లె. మొగుడు ఎంకయ్య సెంట్రింగ్ పనికి వచ్చాడు. అశోక్‌నగర్‌లో అపార్ట్‌మెంట్లు ఒకదాని భుజం మీదికి ఒకటి ఎక్కుతున్న రోజుల్లో, 2009లో, స్లాబు మీంచి పడ్డాడు. కాలు విరిగింది. మేస్త్రీ తెచ్చి ఈ ఆస్పత్రిలో పడేసి పోయాడు. ఆపరేషన్ బాగానే అయిందన్నారు. కుట్లు మాత్రం ఆరలేదు. కట్టు విప్పినప్పుడల్లా చీము. బీరమ్మకు సిటీలో ఇంకో నీడ లేదు. అతని మంచం కిందే సంచి పరుచుకుని పడుకునేది. పైనుంచి అతని చెయ్యి వేలాడుతుంటే ఆ వేళ్లు పట్టుకుని నిద్రపోయేదట. కాలు మోకాలి దాకా తీశారు. తర్వాత తొడ దాకా తీశారు. తర్వాత తీయడానికి ఏమీ మిగల్లేదు, మనిషే పోయాడు.

పెద్ద డాక్టరు వీరరాఘవరావు ఆపరేషన్ థియేటర్ బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ఆమె వెళ్లి, ఎందుకిట్ల అయిందని అడిగింది. ఆయన సబ్బు నురగ మీంచి కళ్లు తీయలేదు.

"నీ వల్లే. మంచం కింద పడుకుని మీ బస్తీ మురికంతా వాడి కాలికి ఎక్కించావు. చెబితే వింటారా మీరు?"

ఇంకోసారి సబ్బు రాసి, శుభ్రంగా కడుక్కుని, తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఆ మాట ఆమెలో తుమ్మముల్లులా దిగి విరిగిపోయింది. ఆమె ముల్లు మీదే నడవడం నేర్చుకుంది. పల్లెకు పోలేదు. అదే ఆస్పత్రిలో ఊడ్చి కడిగే పనికి కుదిరింది. స్ట్రెచర్లు నెట్టే ర్యాంపు కింద, నిలబడితే తల తగిలే గది ఒకటి ఇచ్చారు. ఒక చాప, ఒక స్టవ్వు, ఎంకయ్య సుత్తి. "ఇంత సిటీల నేను తలుపు పెట్టుకునే జాగ గదొక్కటే సారు," అనేది.

ఆమెను చూస్తే వార్డు వార్డంతా కాళ్లు ముడుచుకునేది. మంచాల కిందికి వంగి, అక్కడ నక్కిన ఆడవాళ్లను జుట్టు పట్టి లాగేది. దాచుకున్న అన్నం మూటలు కిటికీలోంచి విసిరేది. కదలని ముసలివాళ్లకు వేరే ఉపాయం ఉండేది. చెప్పులు తీసుకెళ్లి రోడ్డు మీద వేస్తే, మనిషి తనే లేచి వాటి వెనకాల పోతాడు. ఒకసారి ఓ బాలింత వాళ్లమ్మను మెట్ల దాకా ఈడ్చిందని చాయ్ దుకాణంలో చెప్పుకున్నారు. నిజమేనా అని అడిగాను. ఈడ్చిన, అంది. నేను గూడ గట్లనే పండుకున్న, నన్ను ఈడ్చేటోళ్లు లేకపాయె, అంది.

2013లో యాజమాన్యం పెద్ద సర్టిఫికెట్ ఏదో తెచ్చుకోవాలనుకుని, భవనం బాగుచేయడానికి జగదీశ్వర్ అనే ఇన్‌చార్జిని పెట్టింది. ఆయన అగరుబత్తి వెలిగించుకుని వార్డుల్లో తిరిగేవాడు. భక్తి కాదు. పొగ ఎటు పోతుందో చూసి, గాలి ఎక్కడ చచ్చి పడుందో కనిపెట్టేవాడు. అట్టలు కొట్టి మూసేసిన వెంటిలేటర్లు తెరిపించాడు. ఎండ వచ్చే గదుల్లో పగటి లైట్లు ఆర్పించాడు. గోడలు పగలగొట్టి పైపులు మార్పించాడు. వార్డుల్లో వాసన తగ్గింది, కరెంటు బిల్లు తగ్గింది. వరండాలో ఫ్యాన్లు మాత్రం మొత్తం పీకించాడు, గాలి ఉంటే జనం చేరతారని. జనం చెమటల్లోనే పడుకున్నారు. వాళ్ల మీద బీరమ్మ నీళ్లు పడేటప్పుడు ఆయన నిలబడి చూసి, నీ చేతికి బకెట్ ఇస్తే మూసీకి వరదొస్తది, సగం నీళ్లతోని కానియ్యి అని నవ్వేవాడు.

కొత్త ఇన్వర్టర్ బ్యాటరీలకు చోటు కావలసి వచ్చింది. కింద, నీడపట్టున, ఎవరూ తిరగని చోటు. ఆయన ర్యాంపు కింద గది తలుపు తోసి చూశాడు. బీరమ్మ ఆయన కాళ్ల మీద పడింది. ఆయన కాళ్లు వెనక్కి తీసుకుని ఆలోచించి, ఒక మాట ఇచ్చాడు. ఆ సర్టిఫికెట్ కోసం తనిఖీవాళ్లు వచ్చే పొద్దున ఏ వరండాలోనూ ఒక్క మనిషి గాని, ఒక్క చాప గాని కనబడకపోతే బ్యాటరీలు మేడ మీదికి పోతాయి. కనబడితే సాయంత్రానికల్లా గది ఖాళీ.

తనిఖీ వారంలోనే బీరమ్మ అక్క సత్తవ్వ వచ్చింది, ఆ ఏడే పల్లె విడిచి మొగుడితో సిటీకి చేరిన మనిషి. బావ మాసయ్యకు పేగు మెలిక పడింది, ఆపరేషన్ అయింది. చెల్లెలు ఆస్పత్రిలో ఉంటే పుట్టిల్లు ఉన్నట్టే అనుకుంది సత్తవ్వ. బీరమ్మ తన గదిలోనే పడుకోమంది. ఆమె వినలేదు. ఆయన మూలిగితే తనకు వినబడాలంటూ వార్డు గుమ్మం పక్కన వరండాలో కొంగు పరుచుకుంది. తనిఖీకి ముందటి సాయంత్రం బీరమ్మ ఆమె గడ్డం పట్టుకుని బతిమాలింది. ఒక్కపూట కిందికి రా, రేపు పెద్దోళ్లు వస్తున్నరు, నువ్వు కనబడితే నా గది పోతది అంది.

సత్తవ్వ వక్క నములుతూ నవ్వింది. "ఏందే, నా మీద గూడ నీళ్లు పోస్తవా? నీకు తల్లి లేకుంటే కాళ్ల మీద పండవెట్టుకొని నీళ్లు పోసి పెంచినదాన్ని నేను."

తెల్లారింది. ఆకాశం ఉడికిన గంజి రంగులో ఉంది. మిగతా అందరూ ముందే భయపడి లేచిపోయారు. వరండా చివర ఒక్క ఆకారం, గోడ వైపు తిరిగి, గాఢ నిద్రలో. బీరమ్మ దగ్గరికి వెళ్లి నిలబడింది. అక్క నోరు కొద్దిగా తెరుచుకుని ఉందట. బుగ్గ కింద చెయ్యి పెట్టుకుందట. పిలవలేదు. బకెట్ మొత్తం వంచింది.

సత్తవ్వ లేచి కూర్చుంది. జుట్టులోంచి, ముక్కు చివరినుంచి నీళ్లు కారుతున్నాయి. తడిసిన మూట చంకన పెట్టుకుని మెట్లు దిగింది. ఆమె పాదాల తడి గుర్తులను కూడా బీరమ్మ వైపర్‌తో లాగేసింది.

తనిఖీవాళ్లు వచ్చేసరికి వరండా ఖాళీగా, మెరుస్తూ ఉంది. వాళ్లను జగదీశ్వర్ ఆపరేషన్ థియేటర్ బయట కుళాయి దగ్గర ఆపి తన పనితనం చూపించాడు. గోడలో మరుగుదొడ్డి పైపు పగిలి, ఆ మురుగు కిందనున్న నీళ్ల సంపులోకి ఊరేదని, ఈ కుళాయికి ఆ సంపు నీళ్లే వచ్చేవని, ఏళ్ల తరబడి డాక్టర్లు ఆ నీళ్లతోనే చేతులు కడుక్కుని కోతలు కోశారని, కోసిన ప్రతి గాయం చీము పట్టేదని చెప్పాడు. తాను గోడ పగలగొట్టి కనిపెట్టానన్నాడు. పగిలిన పైపు ఫోటో చూపించాడు. వాళ్లు మెచ్చుకున్నారు. వైపర్ పట్టుకుని గోడకు ఒదిగి నిలబడిన బీరమ్మ కూడా విన్నది.

సాయంత్రం ఆయన దగ్గరికి వెళ్లి, ఆ పైపు ఎప్పటిసంది పగిలిందని అడిగింది.

"శానా ఏండ్లయి ఉంటది. అప్పట్ల ఎంతమంది పోయిండ్రో దేవునికెరుక," అన్నాడు జగదీశ్వర్, మంచి హుషారులో ఉన్నాడు. "నీకెందుకు పరేషాన్? నీ రూం నీకు మిగిలింది కద."

ఆ రోజు తర్వాత బీరమ్మ మంచాల కిందికి వంగి చూడలేదు. మాసయ్య కుట్లు పొడిగా ఆరిపోయాయి. ఇంటికి పంపేనాడు గేటు దగ్గర ఆటో ఎక్కబోతూ సత్తవ్వ ఆగింది. బీరమ్మ చెంబుతో మంచినీళ్లు తెచ్చి పట్టుకుని నిలబడింది. సత్తవ్వ ఆ చెంబును చూసిందే గాని అందుకోలేదు.

"నువ్వు తడిపిన దినం సంది ఆయన మంచం కిందనే పండుకున్న," అంది. "నా మొగడు బతికిండు."

ఆటో పోయింది. రాంనగర్‌లో వాళ్లుండే బస్తీ నడిచిపోయేంత దూరమే. బీరమ్మ ఒక్కసారి వెళ్లి వచ్చింది. తలుపు తీయలేదన్నది. ఆ మాట చెప్పి చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. తర్వాత చాయ్ దుకాణానికి రావడం మానేసింది.

బ్యాటరీలు మేడ మీదే పెట్టారు. ర్యాంపు కింద గది ఆమెకే ఉండిపోయింది, ఇంకొక మనిషి పట్టేంత చోటుతో సహా.

2014 చలికాలం చివర, ఆఫీసులో తోటివాడిని ఆ ఆస్పత్రిలో చేర్చారని పొద్దున్నే చూడటానికి వెళ్లాను. వార్డు ఇంకా తెరవలేదు. మూడో అంతస్తు వరండాలో కాళ్లు చాపుకుని గోడకు ఆనుకున్నాను. కునుకు పట్టింది. కాసేపటికి కళ్లు తెరిచాను. ఏ చప్పుడూ కాలేదు. ఎదురుగా అవే పాదాలు. బీరమ్మ నిండు బకెట్ రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. బకెట్ అంచున నీళ్లు వణుకుతున్నాయి. సత్తవ్వ ఎలా ఉందని అడిగాను. బీరమ్మను నేను అదే ఆఖరిసారి చూడటం.

"కాళ్లు జర పైకి పెట్టుకో సారు," అంది. "నీళ్లు పోస్తున్న."