గుమ్మడి తినిపించిన జావ

చమ్కీలమ్మ పట్టపగలు చాప మీద పడుకోగా చూసినవాళ్ళు ఆ మేడలో ఎవరూ లేరు. ఒళ్ళు కాలిపోతున్నా మిషను ముందు కూర్చునే రకం. నాటకాలవాళ్ళకీ డాన్సులవాళ్ళకీ దుస్తులు కుట్టి, వాటి మీద చమ్కీలు ఒక్కొక్కటే సూదితో కుట్టడం ఆమె పని. అసలు పేరు అద్దె కాగితం మీద ఉంది గానీ జనం నోళ్ళలో చమ్కీలమ్మే. అలాంటి మనిషి కడుపులో ఏ మాయదారి పురుగు దూరిందో, వాంతులూ విరేచనాలతో పీల్చి పిప్పి చేసి పారేసింది. మంచినీళ్ళు కూడా నిలవలేదు. చివరికి వాంతులు కట్టాయి గానీ లేచి నిలబడితే కాళ్ళు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి.

మూలిగే నక్క మీద తాటిపండులా, పైన గుమ్మడి తిండి గొడవ ఒకటి.

గుమ్మడి ఆమె కూతురు. ఇంకా రెండేళ్ళు నిండలేదు. రెండు బుగ్గలు, ఒక పొట్ట, మిగతాదంతా నవ్వు అన్నట్టుండేది కాబట్టి లిఫ్టులు బాగుచేసే వాళ్ళ నాన్న ముద్దుగా ఆ పేరు తగిలించాడు. ఏది పెడితే అది తినేది. పెట్టకపోతే పక్కవాళ్ళ కంచంలోది లాక్కునేది. అలాంటి పిల్ల కొన్నాళ్ళుగా ముద్ద కనబడితే చాలు, మూతి బిగించేస్తోంది. పాలు తాగుతుంది, మెత్తటి అరటిపండు చప్పరిస్తుంది, అంతే. అన్నం మెతుకు గానీ రొట్టె ముక్క గానీ నాలుక మీద పడిందో, మొహం చిట్లించి బయటికి తోసేస్తుంది.

బుగ్గలు జారిపోయాయి. గౌను భుజం మీద నిలవక కిందికి దిగుతుంటే, ఒకరోజు చమ్కీలమ్మ దాన్ని ఇరుపక్కలా లోపలికి పట్టి కుట్టింది. పిల్ల పెరిగేకొద్దీ కుట్లు విప్పి వదులు చేసిన తల్లులను చూశాం గానీ, బిగించుకుంటూ వచ్చిన తల్లిని ఎక్కడైనా చూశామా.

సలహాలకు మాత్రం కొదవలేదు. డాక్టరుగారు పుల్లతో నాలుక నొక్కి, గొంతులోకి లైటు వేసి చూసి, "పళ్ళొస్తున్నాయమ్మా, ఆకలేస్తే అదే తింటుంది" అన్నారు. అత్తగారైతే, "మొండితనం. నాకు తెలీకడుగుతాను, ఇది మీ పుట్టింటి పోలిక కాదూ?" అంది. ఆవిడకు తెలీకపోవడమంటూ ఎప్పుడూ లేదు. పాపం, పుట్టింటివాళ్ళు లేనిపోని నిందలు మొయ్యడానికే పుట్టారు.

అమ్మకో ముద్ద, నాన్నకో ముద్ద అయింది. తినకపోతే కాకి ఎత్తుకుపోతుందని బెదిరించడమూ అయింది. ఏదీ పారక చమ్కీలమ్మ చివరికి ఒక పద్ధతి పట్టింది. ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ పిల్ల రెండు బుగ్గల మీద పెట్టి నొక్కేది. నోరు సున్నాలా తెరుచుకోగానే చెంచా దూర్చేది. లోపలికి వెళ్ళింది సగం, గౌను మీద పడింది సగం. ఏడుపు మాత్రం పూర్తిగా పైకే వచ్చేది. నా పిల్ల బతకాలి కదా అని తనకు తాను చెప్పుకునేది.

ఇప్పుడు ఆ చేతుల్లో పిల్లను పట్టుకునే సత్తువ కూడా లేదు.

ఆ మధ్యాహ్నం అత్తగారు పలుచగా జావ కాచి, గిన్నె తెచ్చి చాప పక్కన పెట్టింది. "తాగు. తాగకపోతే ఎలా లేస్తావు?"

వాసన తగలగానే చమ్కీలమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. అత్తగారు చెంచా పెదాల దగ్గరికి తెస్తే, పెదాలు వాటంతటవే బిగుసుకున్నాయి.

"బాగుంది. తల్లీ కూతురూ ఒకటే బడిలో చదివారు," అని అత్తగారు విసుక్కుని, చెంచా గిన్నెలో పడేసి వంటింట్లోకి వెళ్ళింది.

గుమ్మడి ఇదంతా మిషను కింద కూర్చుని చూస్తూనే ఉంది. పాక్కుంటూ వచ్చి, తల్లి గుండెల మీదికెక్కి కూర్చుంది. రెండు చేతులతో చెంచా పట్టి గిన్నెలో ముంచింది. సగం జావ తల్లి మెడ మీద ఒలికింది.

"ఆ..." అంది.

ఎవరికైనా తినిపించేటప్పుడు ముందు తెరుచుకునేది తినిపించేవాళ్ళ నోరే. ఎవరూ నేర్పకుండానే వచ్చే విద్య అది. గుమ్మడి కూడా తన నోరు బారెడు తెరిచింది. వెల్లకిలా పడుకున్న తల్లి కింద, నోరు తెరిచిన పిల్ల పైన. పక్క కిటికీలోంచి ఎండ తిన్నగా ఆ నోట్లో పడింది. పైన, అంగిలి మీద, ఏదో పచ్చగా మెరిసింది.

నీరసానికి కళ్ళు బైర్లు కమ్మాయేమో అనుకుంది చమ్కీలమ్మ. జావ మింగేసింది.

"ఇంకోటి పెట్టవూ, అమ్మలూ?"

"ఆ..."

పచ్చది. గుండ్రటిది. అంచు మెరుస్తోంది. గిన్నె బోర్లించినట్టు అంగిలికి అతుక్కుపోయి ఉంది. తన కుట్టు ఎక్కడున్నా గుర్తుపట్టగల మనిషి, తన చమ్కీని గుర్తుపట్టలేదా? పిల్లల నాటకంలో కప్పల వేషాలకు కుట్టినవి అవి. ఆ కప్పలు ఇల్లు దాటి ఎంతకాలమైందో లెక్కేసుకుంది. ఆ తర్వాత సముద్రం నాటకం నీలిరంగు దుస్తులు కూడా కుట్టి పంపేసింది. అంటే అప్పట్నించీ ఇది ఇక్కడే ఉంది. తను బుగ్గలు నొక్కి దూర్చిన ప్రతి చెంచా దీని మీద గీరుకుంటూనే వెళ్ళింది.

కేక గొంతుదాకా వచ్చింది. కానీ తను అరిస్తే పిల్ల ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడి ఊపిరి లోపలికి లాగితే, చమ్కీ ఊడి ఊపిరితోపాటే లోపలికి పోతుంది. చమ్కీలమ్మ ఆ కేకను మింగింది. దాని వెనకాలే జావ కూడా మింగింది.

"అత్తయ్యా," అంది, నవ్వుతున్న మొహం మార్చకుండా.

"ఏంటి, మళ్ళీ వాంతా?"

"కాదు. పరిగెత్తకుండా రండి. గట్టిగా మాట్లాడకండి. నా పక్కన తల పెట్టి దాని నోట్లోకి చూడండి."

మోకాళ్ళ నొప్పులావిడ ఏమనుకుందో ఏమో, గోడ పట్టుకుని నేల మీద పడుకుంది. గుమ్మడికి ఇద్దరు దొరికేసరికి ఉత్సాహం వచ్చి, ఇంకా పెద్ద "ఆ" అంది. అత్తగారు చూసింది. చేత్తో నోరు మూసుకుంది.

ఆ కాళ్ళతో మెట్లన్నీ ఎలా దిగిందో, వీధి చివరిదాకా పిల్లనెత్తుకుని ఎలా నడిచిందో చమ్కీలమ్మకు ఇప్పటికీ తెలీదు. డాక్టరుగారి దగ్గర గుమ్మడి మళ్ళీ మూతి బిగించింది. "గట్టిగా పట్టుకోండి," అన్నారాయన.

"వద్దండి," అని చమ్కీలమ్మ తనే రోగుల్ని చూసే ఎత్తుబల్ల ఎక్కి వెల్లకిలా పడుకుంది. పిల్ల దారంతా చెంచా వదల్లేదు. "అమ్మకు ఆకలేస్తోందే. పెట్టు."

ఖాళీ చెంచా ముందుకొచ్చింది. "ఆ..." అంత పెద్ద డాక్టరుగారూ వంగి, చమ్కీలమ్మ తల పక్కన తల పెట్టి చూశారు. ఆయన మొహంలో రంగు పోయింది. నర్సు వెనకనుంచి పిల్ల తల మెత్తగా పట్టుకుంది, సన్నటి పట్టకారు లోపలికెళ్ళి బయటికొచ్చింది. దూది మీద పచ్చటి చమ్కీ. అంగిలి మీద ఎర్రటి వలయం. గుమ్మడి ఒక్కసారి ఏడ్చి, ఏడవడం మానేసి, నాలుకతో పైకి తడుముకుని తెల్లబోయింది.

"నేను గొంతులోకే చూశాను," అన్నారాయన, కుర్చీలో కూలబడి. "పైకి చూడలేదమ్మా. ఇది గానీ ఊపిరి దారిలో పడుంటే..."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. చమ్కీలమ్మ రోజూ సాయంత్రం అయస్కాంతం పట్టుకుని గది నేలంతా తుడిచేది. సూదులూ గుండుసూదులూ అన్నీ దొరికేవి. పిల్లకు ముప్పు వస్తే సూదులనుంచే అనుకుంది. కాగితంలా తేలికైన చమ్కీని అయస్కాంతమూ పట్టలేదు, ఆమె భయమూ పట్టలేదు. తల్లి కడుపు చూస్తుందంటారు. నిజమే, ఆమె కడుపే చూసింది. నోరు చూడలేదు.

అంగిలి మానింది. చమ్కీలమ్మ కూడా లేచి తిరుగుతోంది. సెలవు రోజున భర్త ఇంట్లోనే ఉన్నాడు. కోడిగుడ్డు మెత్తగా ఉడికించి అన్నంలో కలిపింది. పిల్ల ఇక తింటుందని ముగ్గురికీ పండగలా ఉంది. చమ్కీలమ్మ చెంచా ఎత్తింది.

గుమ్మడి గభాల్న రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. నోటికి కాదు. అరచేతులు రెండూ రెండు బుగ్గల మీద గట్టిగా అదుముకుంది.

చమ్కీలమ్మ కొయ్యబారిపోయింది. ఆ రోజు చమ్కీని చూసినప్పుడు కూడా ఆమెకు ఇంత దెబ్బ తగల్లేదు. చమ్కీని పట్టకారుతో తీశారు. దీన్ని ఎవరు తీస్తారు?

"ఇలా ఇవ్వు, నేను పెడతాను," అంది అత్తగారు మెల్లగా.

చమ్కీలమ్మ ఇవ్వలేదు. చెంచా కంచంలో పెట్టి, కంచం పిల్ల ముందుకు జరిపి, ఉత్త నేల మీద వెల్లకిలా పడుకుంది. ఎడమచెయ్యి నడుము కింద దాచుకుంది.

"ఏంటే, మళ్ళీ ఒంట్లో బాగాలేదా?" అన్నాడు భర్త కంగారుగా.

"ఉష్, ఊరుకోరా," అంది అత్తగారు.

గుమ్మడి చాలాసేపు చూసింది. ఒక చెయ్యి బుగ్గ మీంచి దిగింది. కాసేపటికి రెండోదీ దిగింది. చెంచా పట్టుకుని తల్లి గుండెల మీదికెక్కింది. "ఆ..." అంది. చమ్కీలమ్మ నోరు తెరిచింది, తింది.

రెండో చెంచా ఎటు వెళ్ళిందో కళ్ళనిండా నీళ్ళతో ఆమెకు కనబడలేదు. చిన్న పళ్ళకు చెంచా తగిలిన చప్పుడు మాత్రం వినబడింది, ఆ తర్వాత మింగిన చప్పుడు.