దేవుని పిడికెడు

నాకు దేవుడితో ఏనాడూ తగాదా లేదు. దేవుడి తరఫున మాట్లాడేవాళ్లతోనే నా పేచీ అంతా. దానమ్మ కొడుకు యేసేపుతోనూ అందుకే వాదనకు దిగేవాణ్ణి. నా దగ్గర ఓనమాలు దిద్దిన పిల్లవాడే. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి ఆదోని జిన్నింగు మిల్లులో పత్తి ఏరి, సుగ్గికాలంలో కోత కూలికి పోయి సాకింది. ఎస్సెల్సీ అయ్యాక మిషను వాళ్లు వాణ్ణి పాదిరి చదువుకు కాలేజీకి పంపారు. సెలవులకు వచ్చినప్పుడల్లా తెల్లచొక్కా వేసుకుని, చంకలో బైబిలు పెట్టుకుని, నవ్వన్నది లేకుండా తిరిగేవాడు. మీసాలు సరిగా రాకముందే ముసలాడివైనావేమిరా అని ఏడిపించేవాణ్ణి.

మా ఊరు ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఉంటుంది. అక్కడి క్రైస్తవుల ఇళ్లలో ఒక ఆచారం ఉండేది. జొన్నలు విసిరే ముందు ఆడవాళ్లు ఒక పిడికెడు తీసి, మూలనున్న కుండలో పోసేవాళ్లు. అది దేవునిది. నెలకోసారి సంఘపెద్ద వచ్చి ఆ గింజలు చర్చికి చేర్చేవాడు, పాదిరి ఇల్లు దాని మీదే గడిచేది. యాభై రెండు నాటి కరువుకు పాదిరి ఊరు విడిచాడు. సంఘపెద్ద తుంగభద్ర ఆనకట్ట పనికి కూలికి పోయాడు. దాంతో ఆ కుండలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

ఆ వేసవిలో యేసేపు చర్చిలో వాక్యం చెబుతుంటే దానమ్మ పొరుగింటి మరియమ్మ లేచి నిలబడిందట. పిల్లలు పస్తులున్నారని, ఆ గింజలు ఇప్పుడు తిని వానలు పడ్డాక తిరిగి పోయవచ్చా అని అడిగిందట. ఒక్క గింజ తీసినా దేవుని ఇంట్లో దొంగతనమేనన్నాడు వీడు. సంగతి తెలిసి మండిపడ్డాను. పిడుగుకూ బియ్యానికీ ఒకటే మంత్రమా అని నిలదీశాను. నిజం కరువుకొక తీరుగా, పంటకొక తీరుగా ఉండదన్నాడు. చదువుకున్న మూర్ఖుడికి నచ్చజెప్పడం నా వల్ల కాలేదు.

తర్వాత మా బడి మూతపడి నేను ఎమ్మిగనూరు చేరాను. డిసెంబరులో పనిమీద ఆదోనికి పోయి, తిరిగి వస్తూ బడి సామాను తెచ్చుకుందామని ఊరికి బయలుదేరితే, అక్కడ బస్సు దగ్గర యేసేపు కలిశాడు. క్రిస్మసు సెలవులకు వస్తున్నాడు. దారి పొడుగునా జీవితంలో ఏం చెయ్యాలో చెబుతూనే ఉన్నాడు. పెద్ద ఊరి చర్చి వద్దట, ఈ ఎండిన నేల మీదే ఉంటాడట.

"ఎవురో ఒకరన్నా నా మాట మింద నిలబడాల అయివారూ. అంతకుమించి నాకేమీ వద్దు" అన్నాడు.

వాడితో పాటు వాళ్లింటికి పోయేసరికి దానమ్మ మంచంలో ఉంది. కాళ్లు వాచి ఉన్నాయి, కళ్లు లోపలికి పోయాయి. ఎమ్మిగనూరు గంజి కేంద్రం దాకా నడిచే ఓపిక పోయి చాలా రోజులైందని మరియమ్మ చెప్పింది. తాను తెచ్చిన గంజిలో సగం పోస్తే కూడా, నీ పిల్లలకు పెట్టుకోమని దానమ్మ వెనక్కి పంపేదట. మూలన కుండ అంచు దాకా జొన్నలున్నాయి.

యేసేపు ఆ కుండను చూశాడు, తల్లిని చూశాడు. గింజలు తీసి, తనే విసిరి, గంజి కాచి తెచ్చాడు. ఆమె మొహం తిప్పుకుంది.

"అది దేవునిది నాయనా. నువ్వే సెప్పినావు గదా."

"నేనే సెప్తాండానమ్మా. తప్పు సెప్పినాను. తాగు."

దానమ్మ నవ్వింది. తల్లి మీద ప్రేమకొద్దీ కొడుకు పాపానికి ఒడిగడుతున్నాడని అనుకుంది ఆ పిచ్చితల్లి.

"నా కోసరం నువ్వు మాట మారిస్తే, రేపు నీ మాట ఎవురింటారు నాయనా?"

వాడు ఆమె కాళ్లు పట్టుకున్నాడు, బతిమాలాడు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ దుఃఖం ఆగలేదు. నేను తెచ్చిన పాలు నోట్లో పోస్తే చెంపల మీదుగా జారిపోయాయి. సాయంత్రానికి ప్రాణం పోయింది.

యేసేపు ఆ తర్వాత పాదిరి కాలేదు. ఎమ్మిగనూరులో నేతగాళ్ల పిల్లలకు చదువు చెప్పుకుంటూ బతికాడు. తల్లి పోయినందుకే చదువు మానుకున్నాడని జనం అనుకునేవాళ్లు. నాకు తెలిసి వాడి చదువు ఆగింది మర్నాడు సమాధి గుంట దగ్గర.

పాదిరి లేడు, సంఘపెద్ద లేడు, ప్రార్థన వాడే చెయ్యాలి. బైబిలు తెరిచి, మళ్లీ మూసేశాడు. వెనక పిల్లలతో నిలబడ్డ మరియమ్మ వైపు తిరిగాడు.

"సిన్నమ్మా, నువ్వు సెయ్యి ప్రార్థన."

ఆమె వెనక్కి జరిగింది. "నాకొద్దప్పా. నేను ఆ గింజలు తిన్నదాన్ని. దొంగతనమని తెలిసే పిల్లోళ్లకు పెట్టినాను."

వాడు ఆ పిల్లల్ని చాలాసేపు చూశాడు. "నా మాట ఇనొద్దని మాయమ్మకు గూడా ఒక్కసారి సెప్పుంటే బాగుండు సిన్నమ్మా."

"సెప్పినానప్పా" అంది మరియమ్మ. "దినామూ సెప్పినాను."

యేసేపు ఉన్నచోటనే కూలబడ్డాడు. ప్రార్థన ఎవరూ చెయ్యలేదు. మట్టి మేమే పోశాం.