పడవ నిండా వాననీళ్లు

మిషనరీ అంటే మా చిన్నతనంలో తెల్ల దొరసానే. అనంతపురం జిల్లాలో మా అమ్మ నన్ను కన్నది మిషన్ ఆసుపత్రిలో. అక్కడి దొరసాని టోపీ పెట్టుకుని ఎండలో సైకిలు తొక్కుకుంటూ పల్లెలకు వెళ్లేదట. ఆ మాటను అరవై ఆరేళ్ల వయసులో తెచ్చి నాకు తగిలిస్తారని కలలో కూడా అనుకోలేదు. నేను నర్సుగా రిటైరయ్యాను. మా ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టారు, ఆదివారాలు బోధకుడు. ఇద్దరం ఖాళీగా ఉన్నామని మా సంఘం వాళ్లు కనిపెట్టి, రెండేళ్లు సేవ చేసి రండని సింగపూరు పంపించారు.

బుకిట్ బటోక్‌లో పదకొండో అంతస్తులో ఒక ఫ్లాట్ చూపించారు. ఆదివారం మధ్యాహ్నాలు తంజోంగ్ పగార్ దగ్గర ఒక హాల్లో తెలుగు ఆరాధన. క్లెమెంటిలో గదులు తీసుకుని చదువుకునే పిల్లలు కొందరు వచ్చేవారు. షిప్‌యార్డుల్లోనూ బిల్డింగుల మీదా పనిచేసే మగవాళ్లు చాలామంది వచ్చేవారు. అందరికీ మా ఆయన అయ్యగారు, నేను అమ్మగారు. ఆరాధన అయ్యాక నేను సాంబారన్నం పెట్టేదాన్ని. ప్రసంగానికి ఆలస్యమైన వాళ్లు కూడా సాంబారన్నానికి ఎప్పుడూ ఆలస్యం కాలేదు.

నెలకోసారి ఫెర్రీ ఎక్కి ఇండోనేషియా వైపు వెళ్లి, అక్కడి నుంచి మోటారు పడవలో ఒక చిన్న దీవికి వెళ్లేవాళ్లం. అక్కడ పాతిక ఇళ్లు ఉంటాయేమో, అన్నీ కొయ్య స్తంభాల మీద కట్టినవే. అందరూ చేపలు పట్టి బతికేవాళ్లు. ఒడ్డున రేకుల ప్రార్థన మందిరం ఒకటి ఉండేది. మా ఆయన ప్రార్థన చేసేవారు, నేను ముసలివాళ్లకు బీపీ చూసేదాన్ని. అక్కడి పెద్దావిడను అందరూ ఇబు అనేవారు, అంటే అమ్మ. నా వయసే ఉంటుంది. నేను బీపీ ఎక్కువుందని వేలు చూపించి బెదిరిస్తే, ఆవిడ నా మోకాళ్లకేసి వేలు చూపించి నవ్వేది. మా స్నేహానికి అంతకు మించి భాష అవసరం పడలేదు.

అవసరం పడినప్పుడు మాకు ఒక వెల్డరు ఉన్నాడు. శ్రీకాకుళం తీరం మనిషి, యాభైకి దగ్గర పడ్డాడు. పన్నెండేళ్లు యార్డులో పనిచేసి మలయ్ మాటలు బాగా నేర్చాడు, దీవి వాళ్ల భాషా దాదాపు అదే. సెలవు దొరికినప్పుడల్లా మాతో దీవికి వచ్చి దుబాసీ పని చేసేవాడు. మందిరం రేకులు గాలికి లేచిపోతుంటే ఇనుప చట్రం కట్టి బిగించింది అతనే. ఆ దీవి వాళ్లకు మేం చుట్టాలమైతే అతను ఇంటివాడు.

అతని సంగతి ఒకటి చెప్పాలి. పుట్టింది విశ్వాసుల ఇంట్లోనే, కానీ బాప్తిస్మం తీసుకోలేదు. తాగుడు అడ్డం. మూడుసార్లు తేదీ పెట్టుకుని, మూడుసార్లూ ముందు రోజే తాగి పడిపోయాడట. నాలుగోసారి తేదీ పెట్టుకుంటానంటే భార్య నవ్వింది. ఆ నవ్వు తనను ఇప్పటికీ పొడుస్తుందని నాతో అన్నాడు. మా దగ్గరకు వచ్చాక ఏడాదిన్నరగా ముట్టలేదు. ఇప్పుడు పర్మిట్ అయిపోయి ఇంటికి వెళ్లిపోతున్నాడు. బాప్తిస్మం నీళ్లలో మునిగాకే ఇంట్లో అడుగు పెడతానని భార్యకు ఫోన్‌లో మాటిచ్చాడు. ఆవిడ సరేననలేదు, కాదనలేదు, ఫోన్ పెట్టేసింది.

"ఇక్కడే అయిపోవాలండి అమ్మగారూ. ఊరికెళ్తే మళ్లీ ఆ మనుసులే, ఆ సారా కొట్టే. నాకు దైర్నం నేదండి" అన్నాడు. మునిగేది కూడా ఆ దీవిలోనే, ఆ జనం మధ్యలోనే కావాలన్నాడు. మంగళవారం తెల్లవారుజామున అతని విమానం. సోమవారం పదింటికి బాప్తిస్మమని మా ఆయన ప్రకటించేశారు. ఎండెక్కకముందే అయిపోవాలని ఆయన లెక్క. దీవికి కబురు పెడితే ఇబు నుంచి 'బోలే' అని జవాబు వచ్చింది. బోలే అంటే సరే, అవుతుంది అని. అందరికీ సరే అయినప్పుడు మాకు మాత్రం అనుమానం ఎందుకొస్తుంది?

సోమవారం మొదటి ఫెర్రీకి బయల్దేరాం. వెల్డరు తెల్లచొక్కా, తెల్లపంచె ఇస్త్రీ చేయించి సంచిలో పెట్టుకున్నాడు. దారంతా ఆ సంచిని ఒళ్లోంచి దించలేదు. మా ఆయన ప్రసంగం కాగితాలు తిరగేస్తూ, మధ్యమధ్యలో అతని భుజం తడుతూ కూర్చున్నారు. పది కాకముందే మోటారు పడవ దీవి దగ్గర పొడుగాటి చెక్క వంతెన చివర ఆగింది. దిగి మందిరం దాకా నడిచి చూద్దుం కదా, సముద్రం లేదు.

నిజంగానే లేదు. మందిరం ముందు నుంచి కనుచూపు మేర నల్లటి బురద. ఇళ్లన్నీ వట్టి కాళ్ల మీద నిలబడి ఉన్నాయి. బురదలో పీతలు తిరుగుతున్నాయి. నీళ్లు ఎక్కడో దూరాన గీతలాగ మెరుస్తున్నాయి.

"ఏమ్మే, యాడికి పోయినాయి నీళ్లు?" అన్నారు మా ఆయన, నేనేదో బిందెల్లోకి తోడి దాచినట్టు.

మాది చెరువు ఎండితే ఎండిందని, నిండితే వాన పడిందని తెలుసుకునే దేశం. ఆ దీవిలో బురద మేం అంతకుముందూ చూశాం. ఈ నెల ఇక్కడ వాన పడలేదు కాబోలు పాపం, అని ఇద్దరం జాలిపడి వచ్చేశాం. నా సంగతి సరే. ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద చంద్రుడి బొమ్మ గీసి పిల్లలకు ఆటుపోట్లు చెప్పిన మనిషి ఆయన! ఆ పాఠంలో ప్రశ్న తప్పితే పిల్లల చెవులు మెలేసేవారు.

వెల్డరు వైపు తిరిగాను. సముద్రం పక్కన పుట్టినవాడు తలొంచుకుని నిలబడ్డాడు.

"నీకు తెలుసు కదరా?" అన్నాను.

"తెల్సునండి. పదింటికి పాటుంటాది, నీరు ఎనక్కెల్లిపోద్ది, మల్లీ నాలుక్కి గానీ రాదండి."

"మరి చెప్పల్ల గదా!"

"అయ్యగారు సెప్పీసినాక నానెలగ కాదంతానండి?"

ఇబునూ అదే అడిగించాను. మీ అయ్యగారు అంత దూరం నుంచి వస్తూ ఒక సమయం చెబితే కాదనడం మర్యాద కాదు, ఆయన దేవుడితో మాట్లాడుకునే చెప్పి ఉంటారనుకున్నాం, అందట. దీవి మొత్తానికీ తెలుసు, మా ఇద్దరికి తప్ప. మర్యాద ఇంత పని చేస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

మేం మళ్లీ ఫెర్రీ అందుకోవాలంటే ఒంటిగంటకల్లా పడవ ఎక్కాలి. నీళ్లు నాలుగుకు వస్తాయి. వంతెన చివర పడవ ఆగేచోట నీళ్లున్నా, మనిషి నిలబడలేనంత లోతు. మా ఆయన చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి, నీళ్ల దాకా నడుద్దాం పదమన్నారు. నాలుగడుగులు వేశారో లేదో మోకాళ్ల దాకా దిగబడ్డారు. ఇద్దరు జాలర్లు చంకల కింద చేతులు వేసి పైకి లాగారు. ఒక చెప్పు మాత్రం ఆ దీవికే కానుకగా మిగిలిపోయింది. నాకు నవ్వొచ్చింది కానీ వెల్డరు ముఖం చూసి ఆపుకున్నాను. ఇస్త్రీ పంచె కట్టుకుని, మందిరం మెట్ల మీద కూర్చుని, అతను బురదకేసి చూస్తున్నాడు.

"నా రాతే అలాటిదండి" అన్నాడు. "నాలుగోసారి కూడా అవ్వదు. మా ఇంటిది ఇంక నవ్వదు కూడానండి."

వెళ్లి పక్కన కూర్చున్నాను. రోగుల పక్కన ఎన్నో ఏళ్లు కూర్చున్నదాన్ని, అదొక్కటే నాకు తెలిసిన పని.

ఇబు మా ముగ్గురినీ కాసేపు చూసి, వెనక్కి తిరిగి గట్టిగా ఏదో అరిచింది. నలుగురు మగవాళ్లు, రంగు వేయడానికి ఒడ్డుకు లాగిన చెక్క పడవ ఒకటి తెచ్చి మందిరం ముందు నిలబెట్టారు. అది ఒరగకుండా రెండు వైపులా రాళ్లు పెట్టారు. ఇబు ఇంట్లోకి వెళ్లి బకెట్టుతో వచ్చింది. పడవలో ఒంపింది.

అవి వాననీళ్లు. ఆ దీవిలో బావినీళ్లు ఉప్పు. ఇంటి చూరు కింద నీలం డ్రమ్ము పెట్టుకుని, వాన పడినప్పుడు పట్టుకున్న నీళ్లే తాగడానికీ వండడానికీ. వాన పడి మూడు వారాలైందని వెల్డరు చెప్పాడు. ఇబు వెనక ఇంకొకామె, ఆమె వెనక మరొకామె, బకెట్లతో, గిన్నెలతో, ఒక పిల్ల టీ కెటిల్‌తో. ఒక్కరినీ ఎవరూ పిలవలేదు. నేను లేచి వద్దు వద్దని చేతులు అడ్డం పెట్టాను. బిందె నీళ్ల కోసం తెల్లవారకముందే లైన్లో నిలబడి, పక్కింటామె జుట్టు పట్టుకున్న రోజులున్నాయి నాకు. ఒలికిన చెంబెడు నీళ్లకు మా అమ్మ చేత దెబ్బలు తిన్నాను. ఇబు నా చేతిని మెల్లగా పక్కకు నెట్టి బకెట్టు ఒంపి, మళ్లీ ఇంట్లోకి వెళ్లింది.

పడవ సగానికి నిండింది. వెల్డరు అందులో వెల్లకిలా పడుకోవాల్సి వచ్చింది. ఆరడుగుల మనిషి, తల మునిగితే మోకాళ్లు లేచాయి. ఇబు ఒక మోకాలు, నేనొక మోకాలు పట్టి నొక్కాం. జనమంతా నవ్వారు, అతనూ నీళ్లలోంచి నవ్వాడు. మా ఆయన మాత్రం నవ్వలేదు. ఎన్నో వందలమందికి బాప్తిస్మం ఇచ్చిన మనిషి, అప్పుడు చెప్పే నాలుగు మాటలు రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశారు. వెల్డరు తలమీద చెయ్యి పెట్టి అలాగే ఏడ్చారు. మూడోసారికి మాట పెగిలింది. నాకు ఆయన మీద అంత ప్రేమ మా పెళ్లినాడు కూడా కలగలేదు.

అంతా అయ్యాక ఆ నీళ్లు పారబోస్తారేమోనని నా ప్రాణం కొట్టుకుంది. పారబోయలేదు. పిల్లల్ని దింపి స్నానాలు చేయించారు.

ఒంటిగంటకు వంతెన చివర పడవ కోసం నిలబడ్డాం. అక్కడే కాస్త సిగ్నల్ వస్తుంది. వెల్డరు తడి బట్టలతోనే భార్యకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. మా ముందే మాట్లాడాలని అతని పట్టుదల.

"మునిగినాను" అన్నాడు.

"సముద్రంలోనా?" అంది ఆవిడ.

"కాదు. ఈళ్లు తాగడానికి దాసుకున్న నీళ్లల్లో. ఇంటింటికీ రెండు బకెట్లు తెచ్చి పోసినారు నాకోసం."

లైను తెగిందేమోనని అతను ఫోన్ చెవికి ఆనించుకున్నాడు, మళ్లీ తీసి చూశాడు.

"అయితే రా" అంది.