మూడు బాల్కనీల ఇల్లు

ఢిల్లీకి వచ్చిన కొత్తలో అద్దె ఇంటి కోసం గురుగ్రామ్‌లో పగలంతా తిరిగి, చీకటి పడ్డాక మెట్రో ఎక్కాను. నా ఆఫీసుకు దగ్గరగా దొరికిన ఇల్లు ఇరుకు. దూరంగా ఉన్నది విశాలం, అద్దె ఒకటే. ఫోన్లో మా ఆయన "పెద్దదే తీసుకుందాం" అన్నారు.

ఫోన్ పెట్టేయగానే పక్క సీట్లో ల్యాప్‌టాప్ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నామె నావైపు తిరిగింది.

"తెలుగువాళ్ళా? మేమూ అలాగే పెద్దిల్లు తీసుకున్నామండీ. చివరి స్టేషన్లో దిగి మళ్ళీ ఆటో ఎక్కాలి. మూడు బాల్కనీలు. పొద్దున నేను బయల్దేరేటప్పటికి మా పాప లేవదు. ఇంటికెళ్ళేసరికి నిద్రపోయుంటుంది."

"మరి మారిపోవచ్చుగా?"

"ఇప్పుడు దాని స్కూలు అక్కడే కదండీ" అంటూనే ఆమె కళ్ళు మూసుకుంది. కాసేపటికి తల నా భుజం మీద వాలింది.

నేను దిగాల్సిన స్టేషన్ వచ్చింది. ఆమెను లేపబుద్ధి కాలేదు. కదలకుండా చివరిదాకా వెళ్ళి, మెల్లగా తట్టాను. ఉలిక్కిపడి లేచి, "అయ్యో, సారీ అండీ" అంటూ గబగబా దిగిపోయింది.

తిరుగు రైల్లో మా ఆయనకు ఫోన్ చేసి, ఆ ఇరుకిల్లే ఖాయం చేద్దామన్నాను. ఎందుకని అడిగారు. భుజం లాగేస్తోంది, వచ్చాక చెప్తానన్నాను.