నుసైబా ఉపవాసం

బ్రాడ్‌ఫర్డ్‌లోని ఆ చెప్పుల దుకాణంలో నుసైబా నేల మీద కూర్చుని ముసలమ్మల పాదాలను పావురాలను పట్టుకున్నట్టు చేతుల్లోకి తీసుకుంటుంది. తలకు చుట్టుకున్న బూడిదరంగు గుడ్డను మాటిమాటికీ సర్దుకుంటుంది. అబద్ధం చెప్పేటప్పుడు మాత్రం వెంటవెంటనే రెండుసార్లు. రంజాన్ నెలలో ఆ చేతికి పని ఎక్కువ. నెలసరి రోజుల్లో ఆడవాళ్లకు ఉపవాసం లేదని మతమే సెలవిచ్చింది కానీ, ఆ సంగతి అన్నల ముందు ఎలా చెబుతుంది? తెల్లవారకముందే లేచి, వాళ్లతోపాటు పరాఠా తిని, నిష్ఠగా మూతి తుడుచుకుంటుంది. దుకాణంలో చూస్తే తోటి ఉద్యోగి మోరీన్, ఈ పిల్లకు తోడుగా తానూ పస్తుంటానని పంతం పట్టింది. "నువ్వు తినకుండా నాకెలా దిగుతుంది, బంగారం?"

అలాంటి ఒక రోజు మధ్యాహ్నం ఆకలికి ఆగలేక, సంచిలో దాచుకున్న సమోసాతో నుసైబా సామాన్ల గదిలోకి దూరింది. అక్కడ చెప్పుల పెట్టెల చాటున మోరీన్, బుగ్గల నిండా రొట్టె. "మీ దేవుడికి చెప్పకే తల్లీ!" నుసైబాకు ప్రాణం లేచొచ్చింది. "పర్లేదు మోరీన్, నాకూ ఇవాళ..." అంటూ సమోసా బయటికి తీసింది. మోరీన్ దాన్ని చటుక్కున లాక్కుంది. "ఛ! నేను చెడ్డానని నువ్వూ చెడతావా? పొద్దుట్నుంచీ ఇంత ఓర్చుకుని!" ఆమె కళ్లలో నీళ్లు. నుసైబా గుడ్డ సర్దుకుంది, ఒక్కసారే. "నువ్వు లేకపోతే తినేసేదాన్నే, మోరీన్."

పొద్దుగూకాక పెద్దన్న మొదటి ఖర్జూరం ఆమెకే అందించాడు. "ముఖమెలా వాడిపోయిందో చూడండి! ఉపవాసమంటే మా చెల్లెలిది."