గౌను ఫొటో కింద ఉపన్యాసం

అబిడ్స్‌లో మా మరిదికి కళ్ళద్దాల దుకాణం ఉంది. గల్లాపెట్టె పైన లక్ష్మీదేవి పటం, దాని పక్కనే అద్దెకు తెచ్చిన నల్లగౌను తొడుక్కుని, చేతిలో చుట్టిన కాగితంతో స్టూడియోలో దిగిన అతని ఎం.కాం. ఫొటో ఉంటాయి. ఉదయం దుకాణం తెరవగానే అగరువత్తి ముందు అమ్మవారికి, తరువాత తనకు తిప్పుతాడు. ఆ ఫొటో కిందే కూర్చుని, కాలేజీ చదువులు దండగని వచ్చినవారందరికీ బోధిస్తాడు. తన కొడుకును మాత్రం హిమాయత్‌నగర్‌లో కోచింగుకు పంపుతున్నాడు.

ఆ బోధ మా అమ్మాయి తలకెక్కింది. డిగ్రీ చివరి సంవత్సరపు సెలవుల్లో ఆ దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగించడం నేర్చుకుంది. పని చక్కగా పట్టుబడింది. కాలేజీ మానేస్తానంది.

"పరీక్ష ఫీజు కట్టనమ్మా. బాబాయి కౌంటరు నాకే అప్పజెబుతానన్నాడు."

నాంపల్లిలోని ఆమె కాలేజీలో ఫీజుకు శుక్రవారం ఆఖరు రోజు. గడువులను డైరీలో ఎర్రసిరాతో రాసుకోవడం నా అలవాటు. ఆ ఉదయమే డబ్బు తీసుకుని, అమ్మాయిని వెంటబెట్టుకెళ్ళడానికి దుకాణానికి వెళ్ళాను.

తలుపు అద్దం మీద కొత్త కాగితం అతికించి ఉంది: "కౌంటరు చూచుటకు మనిషి కావలెను. డిగ్రీ తప్పనిసరి."

"ఈ పని మా అమ్మాయికన్నావు కదా?" అని మరిదిని అడిగాను.

"ఆమెకు వెనక రూముంది కదా వదినా. మస్తు చేతిపని ఆమెది. గీడ కస్టమర్ల ముంగట డిగ్రీ ఉన్నోళ్ళుంటే జర ఇజ్జత్ ఉంటది."

"డిగ్రీ దండగన్నావు."

"ఔ, దండగనే. కానీ జనం చూస్తరు కదా!"

"కళ్ళజోడు కొనడానికి వచ్చి నీ పట్టా చూపించమన్నది ఎవరయ్యా?"

అతను గల్లాపెట్టె సర్దుకున్నాడు.

విశ్వవిద్యాలయాల మీద నాకు భ్రమలు లేవు. పసుపెక్కిన నోట్సు చదివి జీతం పుచ్చుకునేవారి ముందు నేనూ కూర్చున్నాను. పట్టాలున్న మూర్ఖులకు కొదవలేదు. ఒకడు ఎదురుగానే ఉన్నాడు. కాని తన పట్టాకు ధూపం వేసుకుంటూ పరాయి పిల్లలను చదువు మాన్పించి వెనక గదికి తోలడం వంటి నీచమైన బేరం నేనెక్కడా చూడలేదు.

వెనక గది తెర తొలగింది. మా అమ్మాయి చేతిలో బాబాయి కళ్ళజోడే ఉంది.

"ఇదిగో బాబాయ్, నీ జోడు తయారైంది. పెట్టుకుని తలుపు మీది కాగితం చదువు. మసకగా ఉంటే చెప్పు, మళ్ళీ అరగదీస్తా."

"ఏంది బిడ్డా, గట్ల కోపమైతే ఎట్ల? మనం మనం ఒకటే కదా."

"ఒకటే. మధ్యలో ఈ తెరే అడ్డం."

బయలుదేరమన్నాను. దుకాణంలో ఎదురుచూస్తున్న ఒక ముసలాయన జోడు సగమే అయిందని మళ్ళీ లోపలికి వెళ్ళింది. రెండో అద్దం బిగించి, ఆయన ముక్కు మీద పెట్టి చూసి, చెవి కొక్కెం సరిచేసి, అప్పుడు వచ్చింది. నాంపల్లిలో ఫీజు గడువులోపలే కట్టాం.

తిరుగు ఆటోలో వేళ్ళకంటిన అద్దాల పొడి తుడుచుకుంటూ, "మరి పని మానెయ్యాలా?" అని అడిగింది.

"ఎందుకు? వేరే దుకాణం చూసుకో."